నడిమి కాక్

“సింగిల్స్ ఎప్పుడాడతవ్ బిడ్డా?”

ఈ మాట నన్ను అడగని మనిషి మేడ్చల్‌లో ఎవరైనా మిగిలి ఉంటే, ఇంటికి వెళ్ళి మరీ దండం పెడతాను. బస్ డిపో ముందు టీ తాగుతుంటే అడుగుతారు. మార్కెట్లో సొరకాయ గోటితో గిచ్చి చూస్తుంటే అడుగుతారు. మోకాలి ఆపరేషన్ అయి ఆస్పత్రి మంచం మీద పడి ఉన్నప్పుడు, ఆపిల్ కోసి పెడుతూ మా మేనత్త అడిగింది. “ఇద్దరు కలిసి ఆడితే గెలుసుడు అల్కగనే ఉంటది గద. నువ్వొక్కదానివే ఆడి గెల్వరాదు?” అంది. నేను కళ్ళు మూసుకున్నాను. మత్తు ఇంకా దిగలేదనుకుని, మిగిలిన ఆపిల్ ముక్కలు తనే తినేసి వెళ్ళిపోయింది.

బ్యాడ్మింటన్‌లో డబుల్స్ ఛాంపియన్ అంటే మా వైపు సగం ఛాంపియన్ అని అర్థం. కప్పు ఇంటికి తెచ్చినా, “గా ఇంకో పిల్ల మస్తు ఆడ్తదట గద” అని మెచ్చుకుంటారు. ఆ ఇంకో పిల్ల వాళ్ళ ఊరికి వెళ్తే, అక్కడివాళ్ళు అదే మాట నా గురించి ఆమెకు చెబుతారు. ఇద్దరం చెరో ఊళ్ళో సగం సగం మెప్పు పుచ్చుకుని వచ్చి, మర్నాడు ప్రాక్టీసులో ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళం.

నిజానికి సింగిల్స్ ఎంత సుఖమో వీళ్ళకు తెలియదు. కాక్ ఎక్కడికి వచ్చినా అది నీదే. పరిగెత్తు, కొట్టు, లేదా వదిలేసి నిన్ను నువ్వే తిట్టుకో. డబుల్స్‌లో అలా కాదు. ఇద్దరు పక్కపక్కన నిలబడ్డప్పుడు సరిగ్గా ఇద్దరి మధ్యకు వచ్చే కాక్ ఒకటి ఉంటుంది. దాన్ని మేము నడిమి కాక్ అనేవాళ్ళం. అది ఎవరు కొట్టాలన్నది పెద్ద రహస్యమేమీ కాదు. ఇద్దరూ కుడిచేతి వాటమే అయితే, ఎడమ పక్క నిలబడినవాళ్ళు కొట్టాలి. వాళ్ళ కుడిచేయి నడిమి వైపే ఉంటుంది కాబట్టి. ఆట నేర్చుకునే పసిపిల్లలకు మొదటి నెలలోనే చెప్పే సంగతి ఇది. నా జోడీకి మాత్రం ఏళ్ళ తరబడి చెప్పినా ఎక్కలేదు.

ఆమె గురించి చెప్పాలి. ఆమెది షామీర్‌పేట. తండ్రి చెరువులో చేపలు పడతాడు, తల్లి వాటిని మేడ్చల్ మార్కెట్లో అమ్ముతుంది. నాకంటే వయసులో కొంచెమే చిన్న. మా పొలాలు ఒకప్పుడు ఆ చెరువు వైపే ఉండేవి. ఇప్పుడవన్నీ ప్లాట్లయ్యాయి. పొలాలు పోయినా మర్యాదలు మాత్రం పోలేదు. వాళ్ళ నాన్న ఇప్పటికీ మా నాయినను “పటేలా” అనే పిలుస్తాడు. వలలో ఆ ఏడాది పడ్డ మొదటి పెద్ద చేప మా ఇంటికే వస్తుంది. ఎవరూ అడగరు, వద్దన్నా ఆగదు. వాళ్ళ తాత నుంచీ అదే అలవాటు. మంచిదేదైనా కంటపడితే ముందు మా కోసం పక్కన పెట్టడం ఆ ఇంట్లో అందరికీ ఊపిరి తీసుకున్నంత సహజం.

ఆమె మణికట్టు లాంటి మణికట్టు నేను మళ్ళీ చూడలేదు. నెట్ ముందు నిలబడిందంటే అవతలివాళ్ళకు చెమటలు పట్టేవి. కాక్‌ను ఒత్తి కొట్టినట్టే ఉండి మెల్లిగా వదిలేస్తుంది, వదిలినట్టే ఉండి ఒత్తి కొడుతుంది. ఆ చేయి చూసే నేను ఆమెను జోడీగా అడిగాను. మొదటి రోజు ప్రాక్టీసుకు వచ్చి, బ్యాగు కింద పెట్టి, నేరుగా వచ్చి నా కాళ్ళకు మొక్కింది. కోర్టు మధ్యలో, పక్క కోర్టులో పిల్లలు చూస్తుండగా! నేను వెనక్కి దూకితే మోకాలు పట్టేసింది. “ఏందే గిది?” అని అరిచాను. “మొదటి దినం గదక్కా” అంది.

నన్ను మీరు అనేది. నేను నీళ్ళు తాగేదాకా తాగేది కాదు. నేను కూర్చునేదాకా కూర్చునేది కాదు. ఇవన్నీ భరించాను. నడిమి కాక్ సంగతి మాత్రం భరించలేకపోయాను.

మా ప్రాక్టీసు ఎక్కడ జరిగేదో కూడా చెబితే నా తలనొప్పి పూర్తిగా అర్థమవుతుంది. మేడ్చల్ నుంచి షామీర్‌పేట వెళ్ళే దారిలో మా చిన్నాయిన ఒక ఫంక్షన్ హాల్ కట్టాడు. హైవే మీద అద్దాల హాళ్ళు, ఏసీ హాళ్ళు వచ్చాక దాని మొహం చూసేవాళ్ళు లేకపోయారు. అప్పుడు నేను బతిమాలితే, లోపల మ్యాట్లు పరిచి కోర్టులు చేశాడు. కానీ ముహూర్తాలు వచ్చాయంటే ఆయనలో పాత ఆశ మేలుకునేది. ఎవరో ఒకరు పెళ్ళికి అడుగుతారు. మ్యాట్లు చుట్టేసి వేదిక పక్కన పడేస్తారు. రెండు రోజుల తర్వాత మేము వెళ్ళేసరికి నేలంతా తలంబ్రాల బియ్యం. ఎంత ఊడ్చినా మూలల్లో నుంచి వస్తూనే ఉండేవి. కాలు జారి పడితే, “శుభం” అని నవ్వేవాడు చిన్నాయిన. పైన కట్టిన రంగు గుడ్డలు విప్పేవాళ్ళు కాదు. ఎత్తుగా లేపిన కాక్ వాటిలో ఇరుక్కునేది. జాతీయ స్థాయికి తయారవుతున్న ఇద్దరు ఆడవాళ్ళు కర్రతో పైకప్పు పొడుస్తూ కాక్‌లు రాలుస్తుంటే చూడాలి ఆ ముచ్చట.

కాక్ గాలికి కదలకూడదు కాబట్టి తలుపులన్నీ మూసే ఆడాలి. మూసినా సరే, గాలి జవహర్‌నగర్ వైపు తిరిగిందంటే డంప్ యార్డు వాసన ఏ సందులో నుంచో దూరి వచ్చి హాలు నిండేది. మా కోచ్ మచ్చ బొల్లారం నుంచి స్కూటర్ మీద వచ్చే రిటైర్డ్ మిలిటరీ మనిషి. ఆయనకు వాసన పట్టదు, మా మౌనమే పట్టేది. “ముక్కు మూస్కోండ్రి, నోరు తెర్వుండ్రి!” అని గోడలు అదిరేలా అరిచేవాడు. డబుల్స్‌లో నోరు తెరవాలి. కాక్ వస్తున్నప్పుడే ‘నాది’ అనాలి, లేదా ‘నీది’ అనాలి. నా జోడీ నోట్లో నుంచి ‘నాది’ అన్న మాట రాదు. నా ముందు ఆమె దేన్నీ తనది అని ఎప్పుడూ అనలేదు, కాక్‌ను ఎలా అంటుంది?

నడిమి కాక్ వస్తుంది. ఆమె ఎడమ పక్క ఉంటుంది. చేయి చాపితే చాలు. కాక్ పైకి లేవడం ఆమె కళ్ళు చూస్తాయి, కాలు కదులుతుంది, రాకెట్ సగం లేస్తుంది. అప్పుడు నా వైపు ఒక్క చూపు చూసి ఆగిపోతుంది. కాక్ మా ఇద్దరి మధ్య టప్పుమని పడుతుంది.

“ఎందుకు ఇడిసిపెట్టినవే?”

“మీరు తీస్తరనుకున్న అక్కా.”

“గది నీ కాకు! సారు చెప్పిండా లేదా?”

“చెప్పిండక్కా.”

“మరి?”

“మీరు ముందట్కి వస్తున్నట్టు అనిపించింది.”

ఈ సంభాషణ మా మధ్య ఎన్నిసార్లు నడిచిందో, వేదిక వెనక గోడ మీద నవ్వుతున్న వధూవరుల బొమ్మలకు కూడా కంఠతా వచ్చి ఉంటుంది. నేను పళ్ళు నూరేదాన్ని. ఆమె తల వంచుకునేది. తల వంచుకుంటే నాకు ఇంకా ఒళ్ళు మండేది. ఎదురు తిరిగి ఒక్క మాట అంటే పోట్లాడుకుని తేల్చుకోవచ్చు. తల వంచుకున్న మనిషితో ఏం పోట్లాడతాం?

కోచ్ చేయని వైద్యం లేదు. “కోర్టుల అక్కా గిక్కా నై చల్తా, సమజైందా?” అని ఆజ్ఞ వేశాడు. దాంతో ఆమె అక్కా అనడం మానేసింది, దాంతోపాటు మొత్తం మాట్లాడడమే మానేసింది. ఒక వారం మూగవాళ్ళలా ఆడాం. తర్వాత మా ఇద్దరి మధ్య నేల మీద సుద్దగీత గీశాడు. గీతకు అటు నీది, ఇటు ఆమెది అన్నాడు. ఆమె గీత తొక్కకుండా జాగ్రత్తగా ఒక అడుగు ఇవతలే ఆడింది. దాంతో సందు ఇంకా వెడల్పయింది. చివరికి ఆయన స్కూటర్ సీటు మీద కూర్చుని, “నా సర్వీసుల గిట్లాంటి బార్డర్ సూడలే” అని తల పట్టుకున్నాడు.

అవతలివాళ్ళు గుడ్డివాళ్ళు కాదు కదా. మా సందు గురించి దేశంలో డబుల్స్ ఆడే ప్రతి జోడీకీ తెలిసిపోయింది. మాతో మ్యాచ్ అంటే తంటాలు పడకుండా నడిమికి కొట్టేవారు. ఆమె వదిలేస్తుందని తెలిసి నేనే అడ్డంగా పరిగెత్తి అవన్నీ తీసేదాన్ని. కుడి పక్క నుంచి ఎడమ చేతి వైపు సాగి తీయాలి, దానికి మోకాలు మెలి తిప్పాలి. సంవత్సరాలు అలా తిప్పితే ఏమవుతుంది? డాక్టరు ఎక్స్‌రే పైకెత్తి చూసి, ఇక మహా అయితే ఒకటి రెండు సీజన్లు అన్నాడు. ఆ ఏడాది సీనియర్ నేషనల్స్ గెలవకపోతే ఇక నేను గెలిచేది లేదు. కోచ్ కూడా మొహమాటం లేకుండా చెప్పాడు. ఈసారి నడిమి కాక్‌తో ఓడితే ఆమెను వేరే అమ్మాయితో ఆడిస్తానని. ఆ మాట విన్నాక నాకు రెండు రోజులు అన్నం సహించలేదు. తిట్టుకున్నా, కొట్టుకున్నా, ఆమె లేకుండా కోర్టులో నిలబడడం నాకు ఊహకు కూడా అందేది కాదు. ఆ సంగతి ఆమెతో చెప్పలేదు. చెబితే మళ్ళీ కాళ్ళకు మొక్కుతుంది.

నేషనల్స్ దూర రాష్ట్రంలో జరిగాయి. ఎలాగో ఫైనల్‌కు చేరాం. ఫైనల్లో అవతలి జోడీ పొద్దున లేచి దేవుడికి దండం పెట్టుకుని వచ్చినంత శ్రద్ధగా ప్రతి కాకూ నడిమికే కొట్టింది. మొదటి గేమ్ పోయింది. రెండోది ఆమె నెట్ దగ్గర చేసిన మాయతో వచ్చింది. మూడోదాని చివరికి వచ్చేసరికి నా మోకాలు నా మాట వినడం మానేసింది. ఇంకొక్క పాయింట్ వస్తే కప్పు మాది.

అప్పుడు వచ్చింది, ఎత్తుగా, తీరిగ్గా, సరిగ్గా నడిమికి. ఆమె ఎడమ పక్క ఉంది. అది ఆమెదే. కానీ ఇన్నేళ్ళ అలవాటు కదా, ఆమె వదిలేస్తుందని నా కాళ్ళకు తెలుసు. కుంటుకుంటూ అడ్డంగా బయలుదేరాను. రాకెట్ ఎత్తాను. పక్క నుంచి పెద్దగా ఊపిరి పీల్చిన చప్పుడు వినిపించింది, వెంటనే డొక్కలో మోచేయి తగిలింది. తగలడం కాదు, నూకింది. నన్ను నూకేసింది! నేను దభీమని కూర్చుండిపోయాను. నా తల మీదుగా రాకెట్ వీచిన గాలి, చప్పుడు, అవతల నేల మీద కాక్. కింద కూర్చునే చూశాను అదంతా.

హాలంతా లేచి నిలబడింది. నేను కప్పు గెలిచిన ఆనందంలో రెండు చేతులూ పైకెత్తి, “గెల్సినమే!” అని అరిచాను. ఆమె నా ముందు మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులూ జోడించి, “తప్పైందక్కా, తాకిందా అక్కా, తప్పైంది” అని ఏడుస్తోంది. మర్నాడు పేపర్లలో వచ్చిన ఫోటో అదే. నేను నోరు తెరిచి అరుస్తున్నాను, ఆమె దండం పెడుతోంది. చూసినవాళ్ళందరూ మేము ఓడిపోయామనీ, ఓడించినందుకు నేను ఆ పిల్లను తిడుతున్నాననీ అనుకున్నారట. నా జీవితంలో గొప్ప ఫోటో ఎలా ఉండాలని కలలు కన్నానో, అది ఎలా తయారైందో చూసి ఏడవలేక నవ్వాను.

రైల్లో తిరిగి వస్తుంటే ఆమె నా ఎదుట కూర్చోలేదు, పక్క కంపార్ట్‌మెంట్ బెర్తు అడిగి మార్చుకుంది. “నువ్వు చేసిన మంచి పని గదొక్కటే” అని నేను వెళ్ళి చెప్పినా నమ్మలేదు.

ఇంటికి వచ్చేసరికి అసలు కథ మొదలైంది. గ్యాలరీలో ఎవరో ఫోనులో వీడియో తీశారు. అది మేడ్చల్ వాట్సాప్ గ్రూపుల్లోకి ఎక్కేసరికి ఎవరో పుణ్యాత్ముడు దాన్ని కత్తిరించాడు. మోచేయి, నేను పడడం, అంతే. ఆ తర్వాత పడ్డ కాక్ లేదు, కప్పు లేదు. ‘పటేల్ బిడ్డను కింద పడేసిన షామీర్‌పేట పిల్ల’ అని కింద రాత. నేను ఛాంపియన్‌నై ఊళ్ళో దిగితే, జనం నా నడుము ఎలా ఉందని పరామర్శించారు.

మా నాయిన ఒకసారి కౌన్సిలర్‌గా గెలిచి, రెండోసారి ఓడి, మూడోసారికి సిద్ధమవుతున్న మనిషి. ఆయనకు కప్పు కంటే ఆ వీడియో పెద్దదైంది.

“నలుగురిల నిన్ను కింద పడేసింది. మనకు ఇజ్జత్ ఉండద్దా?”

“నాయినా, కాక్ ఆమెదే. నేనే అడ్డం పోయిన. నూకింది గాబట్టే గెల్సినం.”

“గెలుసుడు గెలుసుడే, మర్యాద మర్యాదే. అవ్వ మనసు ఎంత కష్టపడ్డదో నీకు తెల్సా?”

అవ్వ మా నాయిన తల్లి. ఆమె మనసు సంగతి ఆమెను ఎవరూ అడగలేదు. ఆమె గదిలో కూర్చుని వక్క కొరుక్కుంటోంది. కానీ నాయిన, చిన్నాయిన, మా మేనత్త కలిసి ఒక నిర్ణయానికి వచ్చేశారు. ఫంక్షన్ హాల్లోనే మాకు సన్మానం చేస్తారు. ఆ వేదిక మీదే ఆ పిల్ల అవ్వకు శాలువా కప్పి, కాళ్ళకు మొక్కి, తప్పైందని మైకులో ఒక్క మాట చెబుతుంది. అంతటితో అందరి గౌరవాలూ చక్కబడతాయి.

నాకు చెమటలు పట్టాయి. ఎందుకంటే నా జోడీని నేను ఎరుగుదును. ఇన్నేళ్ళకు, చచ్చీ చెడీ, ఆమె చేయి ఒక్కసారి తనదైన కాక్ కోసం లేచింది. దానికి అంతమంది ముందు తప్పైందని చెప్పిందంటే ఇక ఈ జన్మలో ఆ చేయి లేవదు. వచ్చే నెల ఇండియా క్యాంపు ఉంది, మా ఇద్దరినీ పిలిచారు. అక్కడ మళ్ళీ నడిమి కాక్ వస్తుంది. ఆమె మళ్ళీ నా వైపు చూసి ఆగిపోతుంది. నాకున్నది ఒక మోకాలు. కోచ్‌కు చెబితే ఆయన హెల్మెట్ తీసి, “ఒక్కసారి మాఫీ అడిగిందా, ఖేల్ ఖతం” అన్నాడు.

ఆమెకు ఫోన్ చేశాను.

“నువ్వు చెప్పద్దు. జరం వచ్చిందని రాకు.”

“చెప్త తియ్యక్కా. ఒక్క మాటనే గద, ఏం పోతది?”

“అంతా పోతది!”

వెనక నుంచి వాళ్ళమ్మ ఫోన్ అందుకుంది. “పటేల్ మంచోడమ్మా. పెద్దోళ్ల మనసు కష్టపెట్టుడెందుకు? నేనే తోల్కొస్త” అంది. ఆ మంచితనం ముందు నా అరుపులు ఎందుకూ పనికిరాలేదు. గోడకు చెప్పుకున్నట్టయింది.

సన్మానం రోజు హాలు బయట ఫ్లెక్సీ కట్టారు. మా నాయిన మొహం ఆటో అంత ఉంది. ఆయన చుట్టూ ఇంకా చాలామంది పెద్దల మొహాలు. కింద మూలలో నేను. నా పక్కన ఆమె, ఆమె మొహం మీదుగా కట్టుతాడు పోయింది. లోపల మ్యాట్లు చుట్టేసి వేదిక పక్కన గుట్టగా పేర్చారు. నేల మీద మామూలుగానే బియ్యం గింజలు. ఒక పెద్దాయన మైకు పట్టుకుని, టెన్నిస్‌లో మా మేడ్చల్ బిడ్డ సాధించిన విజయం అని మొదలుపెట్టాడు. ఇంకొకాయన లేచి, ఇక సింగిల్స్‌లో కూడా రాణించాలని ఆశీర్వదించాడు. కోచ్‌కు కుర్చీ వేయడం మరిచిపోయారు. నేను వేదిక మీద కూర్చుని పొగలు కక్కుతున్నాను.

చిన్నాయిన ఆమెను పిలిచాడు. ఆమె కొత్త చీరలో వచ్చింది. చేతుల్లో శాలువా. హాలు చివర వాళ్ళమ్మ, నాన్న గోడకు ఆనుకుని నిలబడ్డారు, ఖాళీ కుర్చీలు ఎదురుగా ఉన్నా. అవ్వ సోఫాలో కూర్చుంది. మా నాయిన మైకు సిద్ధంగా పట్టుకుని నిలబడ్డాడు. ఆమె తల అప్పటికే వంగింది. ప్రాక్టీసులో నేను తిట్టినప్పుడు వంగినట్టే, అంతే వంపు. మ్యాట్ల గుట్టకూ నాకూ మధ్య నుంచి నడుస్తోంది.

ఆలోచించి చేశానని చెప్పుకోలేను. ఒళ్ళు మండి చేశాను. లేచి, మోచేయి పెట్టి నూకాను.

ఆమె వెళ్ళి మ్యాట్ల మీద పడింది. శాలువా ఆమె మొహం మీద పడింది. మైకు కీచుమంది. మా మేనత్త నోటికి అడ్డం పెట్టుకున్న చేయి తీయలేదు. పట్టపగలు, సన్మానం మధ్యలో, నలుగురి ముందు నేను నా జోడీని నూకేశాను.

శాలువా కదిలింది. దాన్ని లాగి అవతల పారేసి ఆమె లేచింది. జుట్టంతా చెదిరింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి, కానీ ఏడుపు వల్ల కాదు. అన్నేళ్ళలో ఆమెకు కోపం రావడం నేను చూడడం అదే మొదటిసారి.

“ఏందక్కా! సోయి ఉన్నదా మీకు? నా చెయ్యి ఇరిగితే క్యాంపుకు మీ జోడీగ ఎవలొస్తరు? మీ తాతొస్తడా?”

మా నాయిన చేతిలో మైకు ఆన్‌లోనే ఉంది. ఆ మాట హాలు నాలుగు మూలలా మోగింది. మా తాత చనిపోయి చాలా కాలమైంది. ఆయన ఊళ్ళో నడిచి వస్తుంటే జనం లేచి నిలబడేవారట. ఆయన పేరెత్తి ఇంత గట్టిగా మాట్లాడిన మనిషి లేదు. అందరూ అవ్వ వైపు చూశారు.

అవ్వ భుజాలు కదులుతున్నాయి. ముందు ఏడుస్తోందనుకున్నాం. వక్క గొంతుకు అడ్డం పడి దగ్గింది, దగ్గు ఆగాక నవ్వింది. “గాయన యాడ ఉరుకుతడు బిడ్డా, కుర్సీల కెల్లి లేసెటోడే కాదు” అంది, కళ్ళు తుడుచుకుంటూ.

ముందు వరసలో ఎవరో నవ్వారు. తర్వాత కోచ్ నవ్వాడు, ఆయన నవ్వు మిలిటరీ బ్యాండులా ఉంటుంది. ఇక ఆగలేదు. మా నాయిన మైకును అటూ ఇటూ తిప్పి చూసి, ఇంకేం చెప్పాలో తోచక, “ఇగ భోజనాలు జెయ్యుండ్రి” అన్నాడు. శాలువా సంగతి, తప్పైందన్న మాట సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. గుర్తు వచ్చినవాళ్ళు కూడా అప్పటికే బిర్యానీ దగ్గర ఉన్నారు. ఆమె నా పక్కకు వచ్చి చీర సర్దుకుంటూ, “జెర చెప్పి నూకద్దా?” అని గొణిగింది. నాకు ఆమెను పట్టుకుని ఏడవాలనిపించింది, అంత సంతోషమేసింది.

మర్నాడు మ్యాట్లు పరిచి, బియ్యం ఊడ్చి ఆడాం. కోచ్ మొదటి కాకే నడిమికి పంపాడు. నేను వెళ్ళాను, ఆమె వచ్చింది. రెండు రాకెట్లూ ఢీకొని నాది ఫటేలుమని విరిగింది. కోచ్ చప్పట్లు కొట్టాడు. “నా కాక్” అంది ఆమె, మెల్లిగా, కానీ అంది.

ఆ తర్వాత నా మోకాలు డాక్టరు చెప్పినదానికంటే ఎక్కువ సీజన్లే నిలిచింది. నడిమికి పరిగెత్తే పని లేకపోయింది మరి. మరికొన్ని కప్పులు గెలిచాం, ఫోటోల్లో ఇద్దరం నవ్వుతూనే ఉన్నాం. ఊళ్ళో ఇప్పటికీ సింగిల్స్ గురించి అడుగుతూనే ఉన్నారు. వలలో పడ్డ మొదటి పెద్ద చేప ఇప్పటికీ మా ఇంటికే వస్తుంది. నేను వద్దని పోట్లాడతాను, వాళ్ళమ్మ వినదు, నేను ఓడిపోతాను.

ఇప్పుడు ఇద్దరం పోటీలు మానేసి అదే హాల్లో పిల్లలకు నేర్పుతున్నాం. ఆదివారాలు ఆ పిల్లల మీద జోడీగా ఆడతాం. నా కొత్త తలనొప్పి ఏమిటంటే, ఆమె ఇప్పుడు నడిమివే కాదు, నా పక్క వచ్చినవి కూడా వదలడం లేదు. కుడి గీత మీద పడబోయే కాక్‌కు కూడా అంత దూరం నుంచి ఉరికొస్తుంది. అది నాది అని నేను అరుస్తాను. పిల్లలు నవ్వుతారు. ఈ వయసులో నాకు మిగిలింది ఆ కుడి మూల ఒక్కటే, దాన్ని కూడా లాక్కుంటే నేనెందుకు కోర్టులో, కుర్చీ వేసుకుని కూర్చుంటాను కదా అని విసుక్కుంటాను.

ఆమె వినదు. మొన్న ఆదివారం కూడా అంతే. కాక్ నా నెత్తి మీదికి వచ్చింది, నేను రాకెట్ ఎత్తాను, డొక్కలో ఆ పాత మోచేయి తగిలింది.

“జెర జరుగుండ్రి అక్కా” అంది, ఎంతో మర్యాదగా.

నేను తిట్టుకుంటూ జరిగాను.